నరం వేసిన విల్లు గురించి అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. నీ విల్లు వీపున, అంటే బాణం వేసేటప్పుడు ఎదుటివైపుకు ఉండే ముఖాన, అతికించిన నరం (జంతువు స్నాయువు) పై రెక్క చివర, అంటే పిడికి పైనున్న సగం కొసన, లేచిందని, దొరికిన జిగురేదో పెట్టి అతికించేస్తానని రాశావు. ముందు ఆ పని ఆపు. ఎపాక్సీ గాని, క్షణంలో అతుక్కునే జిగురు గాని, వడ్రంగులు వాడే తెల్ల జిగురు గాని ఒక్క చుక్క కూడా ఆ సందులోకి పోనివ్వకు. నరాన్ని పట్టి ఉంచేది తోలు జిగురు, అంటే జంతువు తోలు ఉడికించి తీసేది. దానికి ఈ జిగురులకు లేని గుణం ఒకటి ఉంది. వెచ్చటి తడి తగిలితే ఎన్నేళ్ల నాటిదైనా మెత్తబడి కొత్త జిగురుతో ఏకమైపోతుంది. నరం వేసిన విల్లును మళ్లీ మళ్లీ బాగుచేసుకోగలగడం ఆ గుణం వల్లే. మరో జిగురు ఒకసారి లోపలికి దూరిందంటే ఆ చోట ఇక తోలు జిగురు పట్టదు. అప్పుడు ఆ భాగమంతా గీకి తీసెయ్యడం తప్ప దారి ఉండదు.

ఎంతవరకు లేచిందో మొదట తెలుసుకో. నారి దించి, విల్లు వీపు మీద గోరుతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పో. అతుక్కుని ఉన్నచోట గట్టి శబ్దం వస్తుంది, వదిలిన చోట డొల్లగా పలుకుతుంది. ఆ హద్దు పెన్సిలుతో గీసుకో. కంటికి కనిపించేదాని కన్నా లోపల ఎక్కువే వదిలి ఉంటుందని నా అంచనా.

తరువాత వదలడానికి కారణం చూడు. లేచిన నరం అడుగు భాగాన్ని భూతద్దంతో పరీక్షించు. అక్కడ చెక్క నలుసులు అంటుకుని ఉంటే జిగురు తన పని తాను చేసింది, చెక్కే చీలింది. అడుగు నున్నగా, గాజులా మెరుస్తూ ఉంటే జిగురు చల్లారిపోయాక నరం వేశావన్నమాట. జిడ్డుగా, పసుపుగా ఉంటే నరంలోనో చెక్క మీదో కొవ్వు మిగిలిపోయింది. మొదటి రెండింటికీ జిగురు ఎక్కిస్తే చాలు. కొవ్వు వల్ల వదిలితే మాత్రం ఆ ముక్కను తీసి కొత్త నరం వెయ్యాలి, పైపైన ఎంత జిగురు పోసినా నిలవదు.

జిగురు ఎక్కించే పద్ధతి ఇది. విల్లు తేమ పట్టి ఉంటే పొడిగా ఉన్న గదిలో కొన్ని రోజులు పడుకోబెట్టు. ఆ తరువాత సూది తీసిన సిరంజితో కాస్త వెచ్చటి నీళ్లు సందులోకి పంపి, పాత జిగురు మెత్తబడటానికి కొన్ని నిమిషాలు ఆగు. అప్పుడు పలుచటి వెచ్చటి జిగురు ఎక్కించు. మూసి ఉన్న వైపు నుంచి తెరిచి ఉన్న వైపుకు బొటనవేలితో నొక్కుతూ వస్తే గాలి, ఎక్కువైన జిగురు బయటికి వచ్చేస్తాయి. పైన నూలు గుడ్డ పట్టీ బిగించి చుట్టు. జిగురు గడ్డకట్టగానే, పూర్తిగా ఎండకముందే ఆ పట్టీ విప్పెయ్యాలి. ఆలస్యమైతే గుడ్డ కూడా విల్లులో భాగమైపోతుంది. ఆ చోట తడి నరం పోగులు నాలుగైదు అడ్డంగా చుట్టి, తక్కువలో తక్కువ రెండు మూడు వారాలు నారి ఎక్కించకుండా ఉంచు. వేడిగాలి యంత్రం వాడి తొందరపెట్టకు.

ఇక రెండో ఫొటో. దాని గురించి నువ్వు ఏమీ అడగలేదు గాని, నాకు ఎక్కువ దిగులు కలిగించింది అదే. కింది రెక్క పొట్ట మీద, అంటే బాణం వేసేవాళ్ల వైపు ఉండే ముఖాన, పిడికి జానెడు దూరంలో, అడ్డంగా వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తున్నాయి. నిలువుగా ఉండే గీత అయితే పట్టించుకోనక్కర్లేదు. అది చెక్క ఎండేటప్పుడు వచ్చే బీట, రెక్క అంచు దాటి బయటికి పోనంతవరకు హాని లేదు. అడ్డంగా వచ్చేవి వేరు. అక్కడ చెక్క నారలు నలిగి ముడత పడ్డాయి. నరం గాని జిగురు గాని వాటిని నయం చెయ్యలేవు. ఆ చోట విల్లు మిగతా భాగాల కన్నా ఎక్కువ వంగుతోంది, దానికి రెండు పక్కలా చెక్క బిగుసుకుని ఉంది. బిగువుగా ఉన్న ఆ పక్క భాగాల పొట్టను పలుచగా గీకి వంపును అంతటా పంచు. విల్లు బలం, అంటే దాన్ని లాగడానికి పట్టే బరువు, ఐదారు పౌండ్లు తగ్గుతుంది, తగ్గనీ. గీతలు అప్పటికే లోతుగా ఉంటే ఆ విల్లుతో బాణం వెయ్యడం మానెయ్యి. ముఖానికి అంత దగ్గరగా పట్టుకునే వస్తువు అది.

నరం వేస్తే ఎలాంటి చెక్క అయినా విరగదని చాలామంది అనుకుంటారు. నీ ఉత్తరంలోనూ ఆ ధీమా కనిపించింది. విల్లు లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. చెక్క వందకు ఒక వంతు సాగేసరికే తెగే స్థితికి వస్తుంది. నరం దానికి ఎన్నో రెట్లు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. కాబట్టి వీపుకు ఢోకా ఉండదు. కాని వీపు బలపడినకొద్దీ పొట్ట మీద భారం పెరుగుతుంది. ఆసియాలో విల్లు చేసినవాళ్లు పొట్ట వైపు కొమ్మును అతికించింది ఆ భారం కోసమే. మనది ఒట్టి చెక్క పొట్ట, దానికి తగినంత వెడల్పు ఇవ్వాలి. పైగా నరం చెక్క కన్నా బరువు. పొడుగాటి విల్లుకు నరం వేస్తే రెక్కలు బరువెక్కి బాణం వేగం తగ్గుతుంది. పొట్టి విల్లులోనే దాని లాభం తెలుస్తుంది. ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలోని తెగలు, గుర్రం మీద నుంచి బాణం వేసే మైదాన ప్రాంతాల వాళ్లు, నరాన్ని పొట్టి విల్లుకు వాడింది ఇందుకే. కాలిఫోర్నియా ఉత్తర భాగంలో హూపా తెగ వాళ్లు యూ అనే చెట్టు చెక్కతో పొట్టిగా, పలుచగా, వెడల్పుగా విల్లు చేసి వీపున నరం వేసి రంగులు దిద్దేవారు. ఆ వెడల్పును గమనించు, నలిగిన నీ కింది రెక్కకు లేనిది అదే.

కొత్త విల్లు చేస్తానన్నావు, చెయ్యి. చెక్క ఎంపిక గురించి ఇదివరకే మాట్లాడుకున్నాం. యూ, జునిపర్, ఓసేజ్ ఆరెంజ్, యాష్, ఏదైనా సరే, ముడులు లేకుండా, నిలువు నార తిన్నగా ఉండాలి. యూ చెక్క అయితే గీకేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకో, ఆ పొడి విషం. పిడి నుంచి కొప్పు (నారి తగిలించే కొస) దాకా రెండు రెక్కలూ సమంగా వంగేలా ముందే సరిచెయ్యి. నరం వేశాక వీపు వైపు కత్తి పెట్టే వీలు ఉండదు, సర్దుబాటంతా పొట్ట వైపే. అందుకని పొట్టలో కాస్త చెక్క మిగిల్చుకో.

నరం తయారు చెయ్యడంలోనే సగం పని ఉంది. ఏ జంతువుదో తెలిసి, చట్టం ఒప్పుకునే చోట నుంచే తెచ్చుకో. జింకదైనా పశువుదైనా కాలి వెనుక నరం పొట్టిగా ఉంటుంది, వెన్ను వెంట ఉండేది దానికి రెట్టింపు పొడవు. ఎండిన కాలి నరం తేనెరంగులో, పారదర్శకంగా, కర్రలా ఉంటుంది. దాన్ని నున్నటి రాయి మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టు. ఇనుప సుత్తి అంచు తగిలితే పోగులు తెగిపోతాయి. మొదట ఠంగుమనే శబ్దం కొడుతున్నకొద్దీ మందగిస్తుంది. తేనెరంగు కాస్తా తెల్లబడుతుంది. పైనున్న పొర పొట్టులా ఊడి వస్తుంది, దాన్ని పారెయ్యి. అప్పుడు రెండు కొసలూ పట్టి లాగితే నిలువునా చీలుతుంది. చీలికను మళ్లీ చీల్చుతూ పో, కుట్టుదారమంత సన్నం అయ్యేదాకా. తొందరపడి లావు పోగుల దగ్గర ఆపేస్తే వాటి మధ్య గాలి మిగిలిపోతుంది. పోగులను గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, సబ్బంతా పోయేలా జాడించి ఆరబెట్టు. తరువాత పొడవును బట్టి కట్టలు కట్టి, రెండు రెక్కలకూ సమానంగా తూచి విడదీసి పెట్టుకో. కంటి అంచనాతో పంచితే ఒక రెక్క మరోదాని కన్నా బలిసి విల్లు మెలి తిరుగుతుంది.

తోలు జిగురు పలుకులను రెట్టింపు చల్లటి నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, నీళ్లున్న గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించు. 60 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకు. మరిగితే జిగురు బలం చచ్చిపోతుంది. తడి నరం కూడా ఆ వేడికి దగ్గరపడితే ముడుచుకుని రబ్బరులా తయారవుతుంది, ఇక దేనికీ పనికిరాదు. అందుకే నరం ముంచే జిగురు వేలు పెట్టి ఉంచగలిగేంత వెచ్చగానే ఉండాలి.

చెక్క వీపును హాక్సా బ్లేడు పళ్లతో నిలువుగా గీకి గరుకు చెయ్యి. తరువాత సబ్బునీళ్లతోనో బూడిద నీళ్లతోనో తుడిచి కొవ్వు వదిలించు. అక్కడి నుంచి దాన్ని చేత్తో తాకకు, వేలి జిడ్డు చాలు చెడగొట్టడానికి. పలుచటి జిగురు రెండు మూడు పూతలు వేసి ఆరనిస్తే వీపు మెరుస్తుంది. అప్పుడు నారిని తిరగేసి కట్టి, కొప్పులు వీపు వైపుకు కొద్దిగా వంగేలా బిగించి బల్ల మీద పెట్టుకో.

ఒక కట్ట తీసి ముందు నీళ్లలో తడిపి పిండు, తరువాత జిగురులో ముంచు. రెండు వేళ్ల మధ్య పట్టి పైనుంచి కిందికి ఒక్కసారి జారిస్తే ఎక్కువ జిగురు కారిపోయి కట్ట రిబ్బనులా చదునుగా వస్తుంది. పిడి మధ్య నుంచి మొదలుపెట్టి కొప్పు వైపు నిలువుగా పరుచు. పక్క వరుస అతుకులు దీని అతుకుల ఎదురుగా రాకుండా, గోడ కట్టేటప్పుడు ఇటుకలు పేర్చినట్టు జరిపి వెయ్యి. కొప్పు దగ్గర పలుచబరిచి, కొసలను చుట్టూ తిప్పి కట్టు. జిగురు చల్లారి వేలికి దారాలు సాగడం మొదలైతే ఆగి వెచ్చబెట్టుకో, అలాగే కొనసాగించకు.

ఇక్కడి నుంచి చెయ్యవలసింది ఎదురు చూడటమే, అందరూ తప్పేది ఇక్కడే. నరంలో, జిగురులో, చెక్కలోకి ఇంకినదానిలో ఎంత నీరు ఉందో పైకి తెలియదు. పైపొర గోటికి గట్టిగా తగులుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆ నీరు పోతూ ఉంటే నరం కుంచించుకుని విల్లును ఇంకా వెనక్కి వంచుతుంది. విల్లుకు బలం వచ్చేది ఆ బిగువు వల్లే. ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి పగులుతుంది, లోపలి తడి బందీ అయిపోతుంది. నీడలో, గాలి ఆడేచోట ఉంచు. పొరకూ పొరకూ మధ్య వారం పది రోజులు, చివరి పొర తరువాత నెలా రెండు నెలలు కావాలి. రోజుల లెక్కను కూడా నమ్మకు, తూకాన్ని నమ్ము. గ్రాములు చూపే చిన్న తూకం మీద విల్లును రెండు రోజులకోసారి తూచి కాగితం మీద రాసుకో. తడి పోతున్నంతకాలం బరువు తగ్గుతూ ఉంటుంది. వారం పాటు అంకె మారకుండా నిలిస్తే అప్పుడు నారి మాట ఆలోచించు. నీ పాత విల్లును ఎప్పుడు వంచావో నువ్వు రాయలేదు గాని, పొట్ట మీది ఆ గీతలకు రెక్క సన్నదనం ఒక కారణమైతే తడి ఆరని చెక్కను వంచడం రెండోదని నా అనుమానం. తడి చెక్క నలగడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

పూర్తయిన విల్లుకు కూడా తడి శత్రువే. వాన పట్టిన వారంలో అది మెత్తబడి వెనక్కి వంపు కోల్పోతుంది, మళ్లీ ఎండితే చాలావరకు కోలుకుంటుంది. మెత్తబడిన రోజుల్లో దాన్ని లాగకు. వీపు మీద పాము చర్మం గాని పలుచటి పచ్చితోలు గాని అతికిస్తే గాలిలోని తేమ నెమ్మదిగా చేరుతుంది. ఆపైన కొవ్వు రుద్దవచ్చు, విల్లు పూర్తిగా ఆరాక మాత్రమే. ఆర్కిటిక్ మంచులో ఇన్యూట్ వాళ్లు అసలు జిగురు జోలికే పోలేదు. నరాన్ని తాళ్లుగా పేని, వీపు వెంట లాగి బిగించి కట్టేవారు. తడి, చలి ఎక్కువగా ఉండే చోట అదే సరైన పద్ధతి, ఎప్పుడైనా ప్రయత్నించు.

ఇక విల్లును దాచడం గురించి. యాహి అనే ఆదివాసీ తెగకు చెందిన ఇషి 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటి ప్రపంచంలోకి వచ్చాడు. 1916లో చనిపోయేదాకా శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియంలో ఉంటూ విల్లు చెయ్యడం చూపించాడు. జునిపర్ చెక్క, జింక నరం, సాల్మన్ చేప తోలు ఉడికించి తీసిన జిగురు ఆయన సరుకు. వాడనప్పుడు విల్లును నిలబెట్టేవాడు కాదు, పడుకోబెట్టేవాడు. నిలబెడితే అది పని చేస్తూనే ఉండి చెమట పట్టి బలహీనపడుతుందని ఆయన నమ్మకం. నువ్వూ అలాగే నారి దించి, చదునుగా పడుకోబెట్టు. పొయ్యి పక్కన, కిటికీ ఎండ తగిలేచోట వద్దు. ఎన్నడూ బాణం లేకుండా నారి లాగి వదలకు.

పై రెక్క అతుకు ఆరాక మళ్లీ గోరుతో తట్టి చూసి ఎలా పలికిందో రాయి. కింది రెక్క పొట్టను గీకే ముందు మాత్రం నారి ఎక్కించి, పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి పంపు. రెండు రెక్కల వంపూ అందులో పూర్తిగా కనిపించాలి. ఎక్కడ ఎంత తియ్యాలో గీత గీసి పంపుతాను. అది అందేవరకు గీకుడు రేకు ముట్టుకోకు.

ఇట్లు,
పెదనాన్న