ధర్నా వీడియో తీస్తే కేసు పెడతారా?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, ఉండేది చిక్కడపల్లిలో. ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌లో నిరుద్యోగుల ధర్నా జరుగుతుంటే ఫోన్‌లో వీడియో తీశాను. ఒక ఎస్సై వచ్చి ‘నువ్వు రిపోర్టర్‌వా? కార్డు చూపించు’ అని గద్దించి, ఒక క్లిప్ డిలీట్ చేయించారు. ఇంకో క్లిప్ అప్పటికే ఇన్‌స్టాలో పెట్టేశాను. దాన్ని ఎవరో తీసుకుని ‘లాఠీచార్జిలో ఒకరి మృతి’ అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. అక్కడ ఎవరూ చనిపోలేదు. నా మీద కేసు అవుతుందా? ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: మీరు చేసింది నేరం కాదు. ఆ మాట ముందు ఇంట్లో వాళ్లకు చెప్పండి. నడిరోడ్డు మీద అందరూ చూస్తుండగా జరిగేదాన్ని వీడియో తీయడానికి ప్రెస్ కార్డు అక్కర్లేదు. పత్రికలకు ఉన్న స్వేచ్ఛ కూడా రాజ్యాంగంలోని 19(1)(ఎ) నుంచి వచ్చిందే, అది పౌరులందరిదీ. అయితే అక్కడ బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 163 (పాత 144) కింద జనం గుమిగూడకూడదనే నిషేధాజ్ఞలు ఉంటే, వీడియో కోసమే నిలబడ్డా గుంపులో ఒకరిగానే లెక్కిస్తారు. బారికేడ్ దాటి వెళ్లినా, పోలీసుల పనికి అడ్డుపడినా కేసు పెట్టే వీలుంటుంది.

‘డిలీట్ చెయ్’ అనే అధికారం మాత్రం పోలీసులకు ఏ సెక్షనూ ఇవ్వలేదు. నేరానికి సంబంధించిన వస్తువని అనుమానిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 106 కింద ఫోన్ సీజ్ చేయొచ్చు. అలా చేస్తే పంచనామా (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం) రాయాలి, మేజిస్ట్రేట్‌కు తెలపాలి. ఫోన్‌లో ఉన్నది చెరిపేయించడం సీజ్ కాదు, సాక్ష్యాన్ని పోగొట్టడం. గ్యాలరీలో ట్రాష్ ఫోల్డర్ ఈరోజే చూడండి. చాలా ఫోన్లలో చెరిపిన వీడియో కొన్నాళ్లపాటు అక్కడే ఉంటుంది.

ఇక అసలు చిక్కు ఆ తప్పుడు క్యాప్షన్‌తోనే. జనంలో భయాందోళన రేపే అబద్ధపు వార్త పుట్టిస్తే, పంచితే బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 353 కింద మూడేళ్ల వరకు జైలు. ఆ నేరం రాసినవారిది, తెలిసీ తిప్పినవారిది. అయినా వీడియో మీ పేరుతో మొదలైంది కాబట్టి మీరు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. భయపడి మీ పోస్టు తీసేయకండి. మీరు మొదట ఏం రాశారో చూపించేది అదే. దాని కిందే తేదీ, చోటు వేసి ‘ఇక్కడ ఎవరూ చనిపోలేదు’ అని రాయండి. ఆ ఫార్వర్డ్‌ను పంపిన నంబరు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. అసలు వీడియో ఫైలు తీసిన ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గుతుంది, ఎప్పుడు తీశారనే వివరాలూ పోతాయి. రేపు కోర్టులో ఆ వీడియోను సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తే అసలు ఫైలే మీకు బలం.

మాటలు, రాతల మీద పెట్టే ఇలాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఐటీ చట్టంలోని 66ఎ (ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టిన సెక్షన్) పేరు చెప్పి ఎవరైనా బెదిరిస్తే అస్సలు లొంగకండి. ఆ సెక్షన్‌ను 2015లోనే కొట్టేశారు. బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద విచారణకు రమ్మని పోలీసుల నోటీసు వస్తే మాత్రం తప్పించుకోకుండా లాయర్‌ను వెంటపెట్టుకుని వెళ్లండి.

ఇంకో మాట. ధర్నాకు వచ్చినవాళ్లలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులూ ఉంటారు. మీ క్లిప్‌లో ముఖం కనిపించినందుకు వాళ్ల ఉద్యోగం పోవచ్చు. ఇకమీదట అలాంటి ముఖాలు బ్లర్ చేసి పెట్టండి.

ఇప్పుడు ఆ స్క్రీన్‌షాట్లు జతచేసి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో కమిషనర్ ఆఫీసుకు పంపండి.