ఒక్క అమ్మాయి కోసం ఆగిన రైలు: ఎంత నిజం?

ప్రశ్న: జపాన్‌లో ఒక మారుమూల స్టేషన్‌ని ఒకే ఒక్క స్కూలు పిల్ల కోసం, ఆమె చదువు అయ్యేదాకా మూసేయకుండా నడిపారని వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ఇది నిజమా, కట్టుకథా? – ఒక పాఠకురాలు

జవాబు: సగం నిజం. స్టేషన్ ఉండేది, ఆ అమ్మాయీ ఉంది, ఆమె హైస్కూలు ముగించిన నెలలోనే స్టేషన్ మూతపడిన మాటా వాస్తవమే. తేడా అంతా ‘ఆమె కోసమే’ అన్న ముక్క దగ్గరుంది.

ముందు స్టేషన్ పేరే తప్పు. ఫార్వర్డుల్లో తిరిగేది కామి షిరతాకి. ఆ అమ్మాయి రైలెక్కేది అక్కడ కాదు, రెండు స్టేషన్ల అవతల ఉండే క్యూ షిరతాకిలో. రెండూ హొక్కైడో దీవిలో, ఎంగారు అనే చిన్న పట్టణం పరిధిలో, సెకిహొకు లైన్ మీద ఉండేవి. ఆ లైన్‌లో వరసగా కామి షిరతాకి, షిరతాకి, క్యూ షిరతాకి, షిమో షిరతాకి అని నాలుగు స్టేషన్లు ఉంటే బయటివాళ్లు తికమక పడటంలో వింతేముంది! 2016 జనవరిలో చైనా ప్రభుత్వ టీవీ సీసీటీవీ ఈ కథని తన ఫేస్‌బుక్ పేజీలో పెట్టడంతో రాత్రికి రాత్రి ప్రపంచమంతా పాకింది, ఆ తర్వాత పత్రికలు కూడా పెద్దగా తరచి చూడకుండానే అచ్చేసుకున్నాయి.

ఎందుకు నమ్మారో కామి షిరతాకి టైమ్ టేబుల్ చూస్తే అర్థమవుతుంది. రోజు మొత్తానికి ఎంగారు వైపు ఒకే బండి, ఉదయం 7:04కి. అటు కమికావా వైపు కూడా ఒకటే, సాయంత్రం 5:08కి. పొద్దున బడికి, సాయంత్రం ఇంటికి అన్నట్టు కనిపిస్తుంది కదా, మిగతాది మన మనసే అల్లేసుకుంటుంది. క్యూ షిరతాకి లెక్క వేరు. పొద్దున అదే బండి 7:15కి వచ్చేది, తిరుగు ప్రయాణానికి మాత్రం మూడు బళ్లుండేవి. వాటిలో రెండు షిరతాకి దాకా వచ్చి అక్కడే ఆగిపోయేవి కాబట్టి కామి షిరతాకి బోర్డు మీద ఒక్కటే కనిపించేది. పైగా ఆ పొద్దుటి బండి ఒక్కరి కోసం వేసిన ప్రత్యేక రైలేం కాదు, ఆ దారిలో ఎంగారుకి చదువుకోడానికి వెళ్లే పిల్లలు వేరే స్టేషన్లలో కూడా ఎక్కేవారు.

ఇక మూసిన తేదీ. జపాన్‌లో విద్యా సంవత్సరం మార్చితో అయిపోతుంది. జేఆర్ రైల్వే కంపెనీలు పెద్ద ఎత్తున టైమ్ టేబుల్ మార్చేదీ, స్టేషన్లు తీసేసేదీ కూడా మామూలుగా మార్చిలోనే. 2016లో ఆ మార్పు మార్చి 26న పడింది, హొక్కైడోకి తొలిసారి బుల్లెట్ రైలు వచ్చింది కూడా ఆ రోజే. ఒకవైపు కొత్త షింకాన్‌సెన్‌కి రిబ్బన్ కట్ చేస్తుంటే, ఇంకోవైపు అదే జేఆర్ హొక్కైడో కంపెనీ ఎనిమిది చిన్న స్టేషన్లని జాబితాలోంచి కొట్టేసింది. అందులో ఈ షిరతాకిలు మూడు. కంపెనీ దయ తలిచి ఆపిందనే కథ కన్నా ఈ వైరుధ్యమే నాకు ఎక్కువ పట్టేసింది, కానీ ఇది ఫార్వర్డ్ కాదుగా!

ప్రశ్న: మనుషులే లేని చోట అన్ని స్టేషన్లు అసలెందుకు కట్టారు? – మరో పాఠకుడు

జవాబు: కట్టినప్పుడు మనుషులున్నారు. అసహికావా వైపు నుంచి కొండలు దాటి ఎంగారుని కలిపే దారి 1932 అక్టోబర్ 1న పూర్తయింది, కామి షిరతాకి పుట్టింది ఆ రోజే. షిమో షిరతాకి అంతకు మూడేళ్ల ముందే, 1929లో వచ్చింది.

క్యూ షిరతాకి పుట్టుక కాస్త తమాషాగా ఉంటుంది. 1947లో అది స్టేషన్ కాదు, తాత్కాలిక హాల్టు. ఇలాంటి హాల్టులు హొక్కైడోలో చాలా ఉండేవి. టోక్యోలోని ప్రధాన కార్యాలయం దాకా ఫైలు కదలకుండా అక్కడి రైల్వే అధికారులే స్థానికుల అవసరం చూసి పెట్టేసేవారు, దేశవ్యాప్త టైమ్ టేబుల్ పుస్తకాల్లో చాలావాటి పేరే ఉండేది కాదు. ప్లాట్‌ఫారం ఒక పెట్టె పట్టేంత, పక్కన చిన్న గుడిసె లాంటి వెయిటింగ్ రూమ్, అంతే. 1987 ఏప్రిల్ 1న ప్రభుత్వ రైల్వేని ముక్కలు చేసి జేఆర్ కంపెనీలకి అప్పగించిన రోజున క్యూ షిరతాకికి కూడా అసలైన స్టేషన్ హోదా దక్కింది. నలభై ఏళ్ల ‘తాత్కాలికం’ అన్నమాట.

అలాంటి చోట టికెట్ అమ్మేవాళ్లెవరూ ఉండరు. బండి ఎక్కగానే తలుపు దగ్గరి మిషన్ నుంచి నంబరున్న చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు ముందున్న బోర్డులో ఆ నంబరు కింద ఎంత చూపిస్తే అంత డ్రైవర్ పక్కన పెట్టెలో వేయాలి. గార్డు ఉండడు, అన్నీ డ్రైవరే.

తర్వాత పల్లెలు ఖాళీ అయ్యాయి, ఉన్నవాళ్లు కార్లు కొనుక్కున్నారు. ఎక్కేవాళ్లు లేకపోయినా చలికాలమంతా ప్లాట్‌ఫారం మీద మంచు ఎత్తాల్సిందే, చెక్క పాడైతే మార్చాల్సిందే. అదే 2016 నవంబర్‌లో జేఆర్ హొక్కైడో, పదమూడు సెక్షన్లని తాను ఒంటరిగా నడపలేనని బాహాటంగా చెప్పేసింది. సెకిహొకు లైన్ కూడా అందులో ఉంది.

ప్రశ్న: ఇప్పుడు వెళ్తే ఆ స్టేషన్ చూడొచ్చా? – ఇంకో పాఠకురాలు

జవాబు: క్యూ షిరతాకిలో దిగడం కుదరదు, బండి ఆగదు. షిమో షిరతాకి రైళ్లు దారిచ్చుకోడానికి సిగ్నల్ పాయింటుగా మిగిలింది, ప్రయాణికులకి పనికిరాదు. నాలుగింటిలో బతికి ఉన్నది షిరతాకి ఒక్కటే. సప్పొరో నుంచి అబషిరి వెళ్లే ఒఖోట్స్క్ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. కమికావా దాటాక కిటికీ దగ్గర సీటు దొరికితే వదలకండి, తర్వాతి స్టేషన్ షిరతాకి 37.3 కిలోమీటర్ల అవతల. బుల్లెట్ రైళ్లని పక్కన పెడితే జపాన్‌లో రెండు జేఆర్ స్టేషన్ల మధ్య ఇంత దూరం ఇంకెక్కడా లేదు. మధ్యలో ఉన్న స్టేషన్లన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ వస్తే మిగిలిన దూరం అది. షిరతాకిలో దిగితే మాత్రం అబ్సిడియన్ అనే నల్లటి అగ్నిపర్వత గాజురాయితో రాతియుగం మనుషులు చేసుకున్న పనిముట్లు చూడకుండా రాకండి, 2023లో వాటిని జాతీయ సంపదగా ప్రకటించారు.