డియోరా, ఎక్స్‌టీయా? రెండూ తొక్కాక నాకు తెలిసిన తేడా

మీరు చూస్తున్న రెండు మౌంటెన్ బైకులకీ ఫ్రేము ఒకటే, ఫోర్కు ఒకటే. గేర్లు, బ్రేకులు షిమానో కంపెనీవి, ఒక సైకిలుకి డియోర్ మెట్టువి, ఇంకోదానికి దాని పైదైన ఎక్స్‌టీవి. ధరలో అంత తేడా ఉంది కదా, తొక్కేటప్పుడు కూడా అంత తేడా తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుంది. కాకపోతే మీరు చూస్తున్న చోట కాదు.

షిమానో మౌంటెన్ బైక్ భాగాల మెట్లు చాలాకాలం పాటు కింది నుంచి పైకి టూర్నీ, ఆల్టస్, అసీరా, అలీవియో, డియోర్, ఎస్‌ఎల్‌ఎక్స్, ఎక్స్‌టీ, ఎక్స్‌టీఆర్‌గా ఉండేవి. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండవు. నా మొదటి సైకిలు 21 గేర్లది, వెనక హబ్‌కి, అంటే చక్రం నడిమి భాగానికి, పళ్ళచక్రాల గుత్తిని మరతో బిగించే ఫ్రీవీల్ రకం. ఆ రకం హబ్‌లో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది కాబట్టి ఇరుసుకి అక్కడ ఆసరా తక్కువ. ఏడాదిలో రెండుసార్లు వంగింది. రాళ్ళ మీద దిగుతుంటే గొలుసు ఫ్రేముని టపటపా కొట్టేది, మంచి వేగంలో ఉన్నప్పుడే ఊడేది. తర్వాత 12 స్పీడ్, అంటే వెనక 12 గేర్లుండే డియోర్ సైకిలు తీసుకున్నాను. మొదటి రోజు నన్ను ఆశ్చర్యపరిచింది గేర్లు కాదు, నిశ్శబ్దం. గొలుసుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డీరెయిలర్‌లో క్లచ్ అనే బిగింపు ఉంటుంది, అది గొలుసుని వదులు కానివ్వదు. ముందు ఒకే పళ్ళచక్రం, దాని పళ్ళు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. గొలుసు ఊడటం దాదాపు మరిచిపోయాను. నా లెక్కలో అసలైన గెంతు ఇదే. దీని పైన ఉన్నవన్నీ చిన్న మెట్లు.

ఇక ఎక్స్‌టీ. నేను మొత్తం సెట్టు మార్చలేదు, హ్యాండిల్ దగ్గర గేరు మార్చే మీట, అదే షిఫ్టర్, ఒక్కటే మార్చాను. డియోర్ నుంచి ఎక్స్‌టీఆర్ దాకా 12 స్పీడ్ మెకానికల్ (తీగతో నడిచే) భాగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి కాబట్టి కుదిరింది. డియోర్ షిఫ్టర్ చిన్న గేరు పళ్ళ వైపు దింపేటప్పుడు నొక్కిన ప్రతిసారీ ఒక్క మెట్టే దిగుతుంది. ఎక్స్‌టీది ఒక్క నొక్కుడులో రెండు దిగుతుంది. గట్టు ఎక్కేసి వెంటనే పల్లంలోకి జారే చోట ఆ తేడా బొటనవేలికి తెలుస్తుంది. క్లిక్కు కూడా గట్టిగా, స్పష్టంగా ఉంటుంది, చేతి తొడుగు వేసుకున్నా పొరపాటు పడం.

డీరెయిలర్ సంగతి వేరు. ఒకసారి ఉబలాటం కొద్దీ పై మెట్టుది కొన్నాను. మూడో రైడ్‌లోనే రాయికి తగిలి, గొలుసుని పట్టి ఉంచే దాని పంజరం మెలితిరిగింది. తప్పు దానిది కాదు, నాదీ ఆ రాయిదీ. సైకిలు మొత్తంలో నేలకి దగ్గరగా, పక్కకి పొడుచుకొచ్చి వేలాడే ఖరీదైన భాగం అదే మరి. మళ్ళీ డియోర్‌దే పెట్టాను. కళ్ళకి గంతలు కట్టి తొక్కమంటే ఏది ఏదో చెప్పలేను. తమాషా ఏంటంటే, సైకిలు కంపెనీలు ఎక్కువగా పై మెట్టుది పెట్టేది అక్కడే. ఫొటోలో కనబడేది, కొనేవాళ్ళు వంగి చూసేది అదే కాబట్టి. కాబట్టి ‘ఎక్స్‌టీ సైకిలు’ అన్నారంటే వివరాల పట్టికలో షిఫ్టర్, క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి), గొలుసు ఏ మెట్టువో వరసగా చదవండి.

బరువు ఎక్కువగా తగ్గేది క్యాసెట్‌లో. 10-51 పళ్ళ (చిన్న చక్రానికి 10, పెద్దదానికి 51) డియోర్ క్యాసెట్ సుమారు 590 గ్రాములు, ఎక్స్‌టీది 470, ఎక్స్‌టీఆర్‌ది 370 దగ్గర. అంటే డియోర్‌కీ ఎక్స్‌టీకీ మధ్య ఉన్నది అరగ్లాసు నీళ్ళు. ఎక్స్‌టీలో పెద్ద చక్రాలు రెండు అల్యూమినియం, ఎక్స్‌టీఆర్‌లో టైటానియం కూడా ఉంటుంది. ఉక్కు బరువే గానీ అరుగుదలకి ఆగుతుంది. క్యాసెట్, గొలుసు ఎలాగూ అరిగిపోయే సరుకు. గొలుసు సాగుదల 0.5 శాతం చూపించగానే మారుస్తాను, లేకపోతే క్యాసెట్‌ని కూడా తినేస్తుంది. పోటీల్లో తొక్కేవాళ్ళకి ఆ గ్రాములు కావాలేమో, నాకు అక్కర్లేదు.

బ్రేకుల దగ్గర మాత్రం పేరు కన్నా పిస్టన్లు లెక్కపెట్టండి. బ్రేకు ప్యాడ్లని నొక్కేవి అవే. డియోర్‌లోనే నాలుగు పిస్టన్ల క్యాలిపర్ (పిస్టన్లుండే బ్రేకు భాగం) ఉంది. పొడవాటి పల్లాల్లో రెండు పిస్టన్ల ఎక్స్‌టీ కన్నా దానితోనే నా వేళ్ళు తక్కువ నొప్పెట్టాయి. అలాగే రోటర్ (బ్రేకు డిస్కు) మీద ‘రెసిన్ ప్యాడ్ మాత్రమే’ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే మెటల్ ప్యాడ్లు వేయకూడదు, రోటర్ త్వరగా అరిగిపోతుంది.

షిమానోకి పోటీ కంపెనీ శ్రామ్ గురించి కూడా అడిగారు కాబట్టి ఒక్క ముక్క. వాళ్ళ ఈగిల్ 12 స్పీడ్‌లో కింది మెట్లయిన ఎస్‌ఎక్స్, ఎన్‌ఎక్స్ క్యాసెట్లు 11-50, పాతకాలం ఫ్రీహబ్ (వెనక హబ్‌లో క్యాసెట్ ఎక్కే భాగం) మీదే ఎక్కుతాయి. జీఎక్స్ నుంచి పైవాటికి ఎక్స్‌డీ అనే వేరే ఫ్రీహబ్ కావాలి. ఎన్‌ఎక్స్ సైకిలు కొని ‘తర్వాత జీఎక్స్ క్యాసెట్ వేసుకుందాంలే’ అనుకుంటే ఫ్రీహబ్ కూడా మార్చాలి, కొన్ని హబ్‌లకైతే అసలు మారదు.

షిమానోలోనూ ఇదే మెలిక ఉంది, మీ విషయంలో ముఖ్యమైనది కూడా ఇదే. 10 పళ్ళ చక్రం ఉన్న 12 స్పీడ్ క్యాసెట్‌కి మైక్రో స్ప్లైన్ అనే రకం ఫ్రీహబ్ కావాలి. ఖర్చు తగ్గించడానికి కొన్ని డియోర్ సైకిళ్ళకి పాత ఫ్రీహబ్ ఉంచేసి, వేరే తయారీదారుల 11-51 క్యాసెట్ వేస్తారు. డీరెయిలర్ మీద డియోర్ అనే ఉంటుంది, కానీ బలంగా తొక్కుతూ గేరు మార్చినప్పుడు షిమానో హైపర్‌గ్లైడ్ ప్లస్ అని పిలిచే సొంత క్యాసెట్, గొలుసు జోడీకి ఉండే నునుపు రాదు.

నేనైతే డియోర్ సైకిలే తీసుకుని, మిగిలిన డబ్బులో ముందు మంచి టైర్లు, తర్వాత ఎక్స్‌టీ షిఫ్టర్ కొంటాను. అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు దాని వెనక హబ్ మైక్రో స్ప్లైనో కాదో కనుక్కుని ఇక్కడ చెప్పండి. మైక్రో స్ప్లైన్ కాదని తేలితే నా సమాధానం మారుతుంది.