ఘాట్ రోడ్డుకి ఏ స్పోర్ట్స్ కారు మేలు? దిగేటప్పుడు తెలుస్తుంది

పోర్షె, లోటస్, ఆల్పీన్, మాజ్డా, ఫెరారీ... మెలికలు తిరిగే ఘాట్ రోడ్ల మీద నడపడానికి వీటిలో ఏది మేలు అని అడిగారు. ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా జనం వెంటనే హార్స్‌పవర్ లెక్కలు తీస్తారు, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లని కొట్టుకుంటారు. నా దృష్టిలో అవన్నీ ఎక్కేటప్పటి ముచ్చట్లు. కొండ మీద కారు అసలు సంగతి దిగేటప్పుడు బయటపడుతుంది. అక్కడ తేలిక కారుని మించింది లేదు. నా కాలి కింద బ్రేకు పెడల్ నేల దాకా దిగిపోయిన రోజు నుంచీ ఈ మాట మీదే ఉన్నాను.

కొన్నేళ్ల క్రితం ఇటలీలోని స్టెల్వియో పాస్ అనే కొండదారికి రెండు కార్లలో వెళ్లాం. నాది మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5. చిన్న 1.6 లీటర్ల ఇంజిను, 115 హార్స్‌పవర్, బరువు దాదాపు టన్ను. నా స్నేహితుడిది దానికి నాలుగింతల పవరున్న, రెండు తలుపుల పెద్ద ఆటోమేటిక్ కూపే. దాని పేరు చెప్పను, జరిగినదాంట్లో ఆ కంపెనీ తప్పేమీ లేదు. మాతో పాటు వాళ్ల నాన్న కూడా వచ్చారు. ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన మనిషి. నేను బాబాయ్ అని పిలుస్తాను.

స్టెల్వియో రోడ్డుని 1820కీ 1825కీ మధ్య కార్లో దొనెగాని అనే ఇంజినీరు వేయించాడు. అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యపు రోడ్డు, తిరిగేవి గుర్రపు బళ్లు. దారి కొన 2,757 మీటర్ల ఎత్తు. ప్రాటో అనే ఊరి వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు వస్తాయి, ప్రతి మలుపు దగ్గరా అంకె వేసిన రాయి ఉంటుంది. కింద 48తో మొదలై పైకి పోయేకొద్దీ అంకె తగ్గుతుంది. అంటే దిగేవాడికి 1 నుంచి లెక్క పెరుగుతూ పోతుందన్నమాట.

ఎక్కేటప్పుడు స్నేహితుడి కారుదే పైచేయి, అందులో వాదనేమీ లేదు. అంత ఎత్తులో గాలి దాదాపు పాతిక శాతం పలచబడిపోతుంది. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని ఇంజిను ఆ మేరకు నీరసిస్తుంది. మలుపు నుంచి బయటికొచ్చి యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కినా నా కారు తాపీగానే కదిలింది. టర్బో ఉన్న ఆ కూపే ఆ లోటు కనపడనివ్వకుండా దూసుకుపోయింది. కొండ కొనకి చేరేసరికి వాడు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, దిగేటప్పుడు మార్చుకుందాం. నువ్వు నాది తీసుకో" అని తాళం విసిరాడు. బాబాయ్ మాత్రం పెద్ద కారు దిగలేదు. నా మాజ్డాలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయన్నారు. అలా ఆయన నా పక్కన మిగిలారు. వాడు నా కారులో ముందు బయల్దేరి నాలుగు మలుపుల్లోనే కింద చిన్న ఎర్రటి చుక్కయిపోయాడు.

నేనేమో గేరు డీలోనే, అంటే కారే గేర్లు మార్చుకునేలా, వదిలేశాను. ఆ కారు పికప్ ఎలాంటిదంటే, రెండు మలుపుల మధ్య ఉన్న చిన్న తిన్నటి రోడ్డు మీదే స్పీడు అమాంతం ఎక్కేస్తుంది. మలుపు రాగానే గట్టిగా బ్రేకు, మళ్లీ స్పీడు, మళ్లీ బ్రేకు. పది మలుపులు అయ్యేసరికి కాలిన వాసన మొదలైంది. ముందున్న వాహనానిదేమో అనుకున్నాను. 14వ రాయి దగ్గర పెడల్ ఇంకాస్త లోపలికి వెళ్లాక గానీ బ్రేకు పట్టలేదు. 19 దగ్గర స్పాంజిని తొక్కినట్టుంది. బాబాయ్ డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, స్క్రీన్ మీద గేరు అంకె చూశారు. ఐదు.

"ఎక్కిన గేరులోనే దిగాలి నాన్నా. మావాడు రెండులో ఎక్కాడు. నువ్వు ఐదులో దిగుతున్నావ్" అన్నారు, గొంతు ఏమాత్రం పెంచకుండా.

అప్పటికి 21 దాటేశాం. తర్వాతి మలుపు కనిపిస్తోంది, కాలు వేశాను, పెడల్ నేల దాకా వెళ్లిపోయింది. గబగబా రెండుసార్లు కొట్టి తొక్కితే కొంచెం పట్టు వచ్చింది. గేరు తగ్గించే ఎడమ చేతి మీట నొక్కుతూ నాలుగు, మూడు, రెండు... ఇంజిను ఒక్కసారిగా పెద్దగా అరిచి కారుని వెనక్కి గుంజినట్టు పట్టుకుంది. ఎదురుగా ఎవరూ రాకపోవడం మా అదృష్టం. మలుపు పక్కన ఖాళీ జాగాలోకి తిప్పి నిలబెట్టేసరికి ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. బాబాయ్ దిగి, అటూ ఇటూ చూసి, తలకాయంత రాయి ఒకటి రెండు చేతులతో మోసుకొచ్చి ముందు టైరుకి ఆనించారు. కాలిన బ్రేకు డిస్కుల మీద నీళ్లు పొయ్యబోతే వారించారు, వేడిగా ఉన్న ఇనుము చన్నీళ్లు తగిలితే చిట్లుతుందని.

గంటసేపు అక్కడే కూర్చున్నాం. ఫోన్ మోగింది. "ఏరా, ఎక్కడున్నావ్? నేను కిందికొచ్చేసి ఎంతసేపైందో తెలుసా!" నా పాత మాజ్డాలో వాడు ఒక్క ఇబ్బందీ లేకుండా దిగిపోయాడు.

ఎందుకలా జరిగిందో ఆ రాత్రి కాగితం మీద లెక్కేసుకున్నాను. స్టెల్వియో కొన నుంచి ప్రాటోకి దాదాపు 1,850 మీటర్ల దిగుడు. మనుషులతో కలిపి 1,900 కిలోల కారు అంత ఎత్తు దిగితే పుట్టే శక్తితో దాదాపు 100 లీటర్ల చన్నీళ్లు మరిగించవచ్చు. నా మాజ్డాకైతే 60 లీటర్ల లోపే. గాలి, ఇంజిను కొంత పంచుకుంటాయి, మిగిలిన వేడంతా నాలుగు డిస్కులు మింగాల్సిందే. ఇంజినుకి పని చెప్పకుండా డీలో వదిలేస్తే ఆ వాటా కూడా బ్రేకుల నెత్తినే పడుతుంది. పైగా ప్రతి తిన్నటి రోడ్డు మీదా నేను ఎక్కించిన స్పీడు అదనం. హార్స్‌పవర్ ఎంత ఎక్కువుంటే బ్రేకుకి అంత పని పెడుతున్నామన్నది నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

అసలు దోషం మాత్రం బ్రేక్ ఆయిల్‌లో దొరికింది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. మూడున్నర శాతం పైన నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి, తొక్కినప్పుడు ఆ బుడగలు నలుగుతాయి తప్ప బ్రేకు దాకా ఒత్తిడి వెళ్లదు. ఆ కారులో ఆయిల్ నాలుగేళ్లుగా మార్చలేదు. కొత్తది లేత పసుపు రంగులో ఉంటుంది, దాంట్లోంచి తీసింది ముదురు గోధుమ రంగుకి తిరిగింది. విచిత్రమేమిటంటే సర్వీసు పుస్తకంలో ఏటా "చూశాం, బాగుంది" అని టిక్కు పెట్టే ఉంది. రెండేళ్లకోసారి మార్చాల్సినదాన్ని చూసి టిక్కు పెట్టడం ఏమిటండీ? బానెట్ కింద మూత తీసి రంగు చూసిన పాపాన పోలేదు. దీని మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. పక్క సీటులో పెద్దాయన ఉన్నాడు మరి.

ఇక మీరడిగిన కంపెనీల సంగతి.

ఫెరారీ, లాంబోర్గినీలని ఇష్టపడేవాళ్లు నన్ను మన్నించాలి. వాటి ఇంజిన్ల మీద నాకు భక్తే. కానీ లాంబోర్గినీ హురకాన్ వెడల్పు అద్దాలు కలపకుండానే 1,924 మిల్లీమీటర్లు. గుర్రపు బళ్ల కోసం కొలిచి వేసిన మలుపులో దాన్ని తిప్పాలంటే ఎదుటివాడి దారిలోకి వెళ్లక తప్పదు. ఆ పక్క సైకిలు తొక్కుతూ చెమటలు కక్కుతున్న మనిషి ఎదురవుతాడు. స్టెల్వియోలో సైకిళ్ల వాళ్లు కోకొల్లలు. కనపడని మలుపులో గీత దాటేవాడికి కారు నడపడం వచ్చని నేను ఒప్పుకోను, వాడి చేతిలో ఏ కారున్నా సరే.

పోర్షె కొండల్లో పుట్టిన పేరే. ఆ పేరుతో తొలి కారు 1948లో ఆస్ట్రియా కొండల్లోని గ్మ్యూండ్‌లో తయారైంది. వాళ్ల 911 మోడల్లో ఇంజిను వెనక చక్రాల వెనకాల ఉంటుంది కాబట్టి, ఎగుడు మలుపు నుంచి బయటపడేటప్పుడు దానికున్న పట్టు ఇంకే కారుకీ రాదు. దిగుడులో మాత్రం మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే పాత 911ల వెనక భాగం ముందుకి రావాలని చూస్తుంది. 1969 మోడల్‌కి ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు, ఆ గుణం కొంత తగ్గింది. ఇప్పటి 911లు చాలా సాధువులు. నా బాధల్లా ఆ పెరుగుదలే: 1963లో 1,610 మిల్లీమీటర్లున్న వెడల్పు 992 అని పిలిచే ఇప్పటి తరం వచ్చేసరికి 1,852 అయింది. కొండదారి మాత్రం వెడల్పవలేదు కదా. అందుకే పోర్షెల్లో నా ఓటు ఇంజిను మధ్యలో ఉన్న కేమన్‌కే.

లోటస్ ఎలీజ్ గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు. 1996లో వచ్చిన మొదటిది 725 కిలోల చిల్లర. అల్యూమినియం దూలాలని జిగురుతో అతికించి చట్రం చేశారు. స్టీరింగ్‌కి పవర్ లేదు, రోడ్డు మీది ప్రతి గులకరాయీ అరచేతికి తెలుస్తుంది. నడపడానికి దాన్ని మించింది నేను ఎరగను. అందులోకి ఎక్కడం, దిగడం మాత్రం ఒక వ్యాయామం, రోజంతా కొండల్లో తిరగాలంటే నడుము ఒప్పుకోదు.

ఆల్పీన్ పేరే ఆల్ప్స్ కొండల మీద పెట్టింది. ఫ్రాన్స్‌లో దియెప్ పట్టణానికి చెందిన జాన్ రెదెలే చిన్న రెనో 4సీవీ కారుతో ఆ కొండల్లో రేసులు గెలిచి, ఆ సంబరంతోనే 1955లో కంపెనీ పెట్టాడు. పాత ఎ110 కారు 1971, 1973 మాంటె కార్లో ర్యాలీలు గెలిచింది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ మొదలైన 1973లోనే తయారీదార్ల టైటిల్ కూడా ఎగరేసుకుపోయింది. 2017లో వచ్చిన కొత్త ఎ110 బరువు దాదాపు 1,100 కిలోలు, 252 హార్స్‌పవర్, ఇంజిను మధ్యలో, టర్బో ఉంది కాబట్టి ఎత్తులోనూ అలిసిపోదు. మీరు నన్ను ఒక్క పేరే చెప్పమంటే ఇదే చెప్తాను. దీన్ని రెండు రోజులు నడిపాను. సస్పెన్షన్ మెత్తగా ఉంటుంది, గతుకుల మలుపులో చక్రం గాల్లోకి లేవదు. జర్మనీలోని 20.8 కిలోమీటర్ల నూర్‌బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌లో ల్యాప్ టైము కోసమని రాయిలా బిగించిన కార్లు ఇలాంటి చోటే చేతులెత్తేస్తాయి. ఆ ల్యాప్ టైముల పిచ్చి మంచి రోడ్డు కార్లని ఎన్నిటిని పాడు చేసిందో!

ఎంఎక్స్-5 నా కారు కాబట్టి పక్షపాతం ఉంటుందని అనుకుంటారు, ఉంది. 1989లో అది వచ్చినప్పుడు మాజ్డా ఇంజినీర్లు పెట్టుకున్న మాట జిన్‌బా ఇట్టాయ్, గుర్రమూ రౌతూ ఒక్కటవడం. గేరు రాడ్డు మణికట్టు తిరిగినంత దూరమే కదులుతుంది. రెండో గేరులో మొత్తం పవర్ వాడినా మలుపుకి ముందు బ్రేకుకి పెద్ద పని ఉండదు. స్టెల్వియో దిగుడులో నా స్నేహితుడిని కాపాడిందీ అదే.

రెండు రోజుల తర్వాత కూపేలో బ్రేక్ ఆయిలూ, ప్యాడ్లూ మార్పించి, బాబాయ్ పట్టుబడితే మళ్లీ అదే కొండ ఎక్కాం. దిగేటప్పుడు నేనే నడిపాను, మొదటి రాయి నుంచీ రెండో గేరు. బాబాయ్ కాళ్ల దగ్గర పాత పేపర్లో చుట్టిన మూట ఒకటుంది, ఏమిటని అడగలేదు. 14, 19, 22 దాటాం. పెడల్ పైనే గట్టిగా నిలబడింది, వాసన లేదు. ఒక్కో రాయి మీది అంకె ఆయన పైకి చదువుతూ వచ్చారు. 48 దగ్గర ఆపమన్నారు. దిగి మూట విప్పితే, మొన్న టైరుకి ఆనించిన రాయి. ఆ అంకె రాయి పక్కన దాన్ని పెట్టి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నారు.