జవాబు: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆహెన్‌కి సెమిస్టర్ టికెట్ సరిపోతుందా?

తమ్ముడూ, సెప్టెంబరు చివరి ఆదివారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి సెమిస్టర్ టికెట్‌తో (యూనివర్సిటీ విద్యార్థుల ప్రయాణ పాస్) ఐసీఈ (దూరప్రాంతాల హైస్పీడ్ రైలు) ఎక్కి ఆహెన్ వెళ్లొచ్చా అని అడిగావు కదా, వద్దు. ఆ పాస్ అక్టోబరు 1 నుంచే చెల్లుతుంది, అప్పుడైనా లోకల్, రీజనల్ రైళ్లకే, ఐసీఈకి పనికిరాదు. తెలియక ఎక్కానంటే టీసీ వినడు, కనీసం 60 యూరోలు కట్టాలి.

ఇప్పుడే జర్మన్ రైల్వే డాయిచె బాన్ యాప్‌లో స్పార్‌ప్రైస్ అనే తగ్గింపు టికెట్ తీసుకో, ముందుగా కొంటే చాలా చవక. కాకపోతే బుక్ చేసిన ఐసీఈకే చెల్లుతుంది కాబట్టి విమానం దిగే టైముకి మూడు గంటలైనా కలుపుకో. నేను గంటన్నరే పెట్టుకున్నా, ఇమిగ్రేషన్ లైన్లో ఉండగానే రైలు వెళ్లిపోయింది, రెండు పెట్టెలు పక్కన పెట్టుకుని మళ్లీ పూర్తి రేటు పెట్టి కొన్నా. ఎయిర్‌పోర్టులో స్టేషన్లు రెండుంటాయి, నీది ఫెర్న్‌బాన్‌హోఫ్, అంటే దూరప్రాంతాల రైళ్ల స్టేషన్, బోర్డు చూసి నడువు.

ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. ఆ రాత్రికి అటుకులు, పులిహోర పొడి బ్యాగులో పైనే పెట్టుకో. అమ్మ నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి సర్దుతానంటే మాత్రం ఆపు, పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. ఆవకాయ తెచ్చుకో.