బరువు తగ్గకపోయినా నడక వృథా పోదు

ప్రశ్న: నా వయసు 42. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. బీపీ 138/88 ఉంటోంది, మందులు వాడటం లేదు. మూడు నెలలుగా రోజూ అరగంట నడుస్తున్నా రెండు కిలోలే తగ్గాను. ఊబకాయంతో రక్తనాళాలు పాడవుతాయని విని టెన్షన్‌గా ఉంది. ఈ నడకతో వాటికి ఏమైనా మేలు ఉంటుందా? మానేద్దామనిపిస్తోంది. - ఒక పాఠకుడు

జవాబు: దయచేసి మానేయకండి. మీరు చూస్తున్నది బరువు కాటా. రక్తనాళాల్లో వచ్చే మార్పు దానికి అందదు.

రక్తనాళాల లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందంతో పల్చటి పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటాం. అది తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్ వల్లే నాళాలు అవసరమైనప్పుడు వదులై వెడల్పవుతాయి. పొట్టలో కొవ్వు పేరుకుంటే ఒంట్లో సన్నటి వాపు ఎప్పుడూ ఉంటుంది, ఇన్సులిన్ కూడా సరిగా పనిచేయదు. దాంతో నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి, నాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరగడానికి ఇదీ ఒక కారణం.

మీరు వేగంగా నడిచినప్పుడు రక్తం జోరుగా, నాళాల గోడల్ని ఒరుసుకుంటూ పారుతుంది. ఆ ఒరిపిడే ఎండోథీలియానికి మందు. రోజూ అది తగులుతుంటే నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి మళ్లీ పుంజుకుంటుంది. దీన్ని కళ్లతో చూడొచ్చు కూడా. ముంజేతికి బీపీ పట్టీ బిగించి, ఐదు నిమిషాలయ్యాక ఒక్కసారిగా వదిలేస్తారు. రక్తం ఉరికినప్పుడు మోచేతి పైనున్న ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. ఊబకాయం ఉన్నవారిలో ఈ వెడల్పు తక్కువగా ఉంటుంది. కొన్ని వారాలు క్రమం తప్పక వ్యాయామం చేసినవారిలో, బరువు పెద్దగా తగ్గకపోయినా, అది మెరుగుపడటం పరిశోధనల్లో కనిపించింది. ఈ పరీక్ష మీకు అవసరం లేదు. ఇంట్లో టేపుతో నడుము చుట్టుకొలత చూసుకోండి. కాటా కదలకపోయినా పొట్ట తగ్గుతూ ఉండొచ్చు.

అయితే ఈ మేలు నిల్వ ఉండేది కాదు. నడక ఆపేస్తే కొన్ని వారాల్లోనే చాలావరకు పోతుంది. అందుకే మానొద్దని అంత గట్టిగా చెబుతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయమంటోంది. మీరు ఇప్పటికే 210 నిమిషాలు నడుస్తున్నారు! వేగం మాత్రం చూసుకోండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామాలు కూడా చేయండి, బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. మోకాళ్లు నొప్పెడితే సైకిలో ఈతో మంచిది. గంటల తరబడి కూర్చుంటే కాళ్లలోని నాళాలు మళ్లీ మొద్దుబారతాయి కాబట్టి మధ్యమధ్యలో లేచి తిరగండి. బరువు తగ్గాలంటే మాత్రం తిండి కూడా తగ్గించక తప్పదు. తగ్గితే నాళాలకు మరింత మంచిది.

ఓసారి డాక్టర్‌ను కలిసి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నడుస్తున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, ఎన్నడూ లేనంత ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోండి. కాసేపు కూర్చున్నాక కూడా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.