పాయింట్లు పేస్ట్ చేస్తే చెరువు గీత ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మాది ఆకివీడండీ. ఒక సర్వేయర్ దగ్గర డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్నాను. రొయ్యల చెరువు గట్టు చుట్టూ జీపీఎస్‌తో తీసిన 46 పాయింట్లు ఎక్సెల్‌లో ఉన్నాయి. వాటిని కాపీ చేసి ఆటోకాడ్‌లో (కంప్యూటర్‌లో ప్లాన్‌లు గీసే సాఫ్ట్‌వేర్) కంట్రోల్ వి కొడితే టేబులంతా బొమ్మలా డ్రాయింగ్ మీద పడుతోంది. కమాండ్ లైన్‌లో పేస్ట్ చేస్తే ‘అన్‌నోన్ కమాండ్’ అంటోంది. ఒక్కోటీ టైప్ చేస్తుంటే అంకెలు తప్పుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: టైప్ చేయడం ఈ రోజే మానేయండి. 46 పాయింట్లలో ఒక్క అంకె తప్పినా గట్టు పక్కవాళ్ల చేలోకి పోతుంది, అది కాగితం మీదకి ఎక్కితే గొడవ మీ దాకా వస్తుంది.

టేబుల్ బొమ్మలా పడటానికి కారణం, పేస్ట్ చేసేటప్పుడు కర్సర్ డ్రాయింగ్‌లో ఉండటమే. ముందు పిలైన్ (PLINE, పాయింట్లను కలిపి ఒకే గీతగా గీసే కమాండ్) అని కొట్టి ఎంటర్ ఇవ్వండి, అది మొదటి పాయింట్ అడుగుతుంది, అప్పుడు కింద కమాండ్ లైన్‌లో క్లిక్ చేసి, అక్కడే రైట్ క్లిక్‌తో పేస్ట్ ఇవ్వండి. పిలైన్ ఇవ్వకుండా ఉత్త అంకెలు పోస్తే వాటినే కమాండ్ అనుకుని ‘అన్‌నోన్’ అంటుంది.

అసలు చిక్కు కామా దగ్గరుంది. ఆటోకాడ్‌కి ఎక్స్, వై మధ్య కామా కావాలి, ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు కలిపి కాపీ చేస్తే మధ్యలో ట్యాబ్ వస్తుంది. అందుకని ‘ఏ’ కాలమ్‌లో ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత, అంటే ఎక్స్), ‘బి’ కాలమ్‌లో నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత, అంటే వై) పెట్టుకుని, సి2 సెల్‌లో =ఏ2&","&బి2 అని ఫార్ములా రాసి (అక్షరాలు ఇంగ్లీషులోనే కొట్టాలి) కిందిదాకా లాగండి. మీ ఆకివీడు యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి, చోటుని మీటర్లలో చెప్పే పద్ధతి) 44వ జోన్‌లో ఉంది కాబట్టి ఒక్కో సెల్ 540512.36,1833204.75 లాంటి రూపంలో కనిపించాలి. కామా తర్వాత ఖాళీ వద్దు, ఎందుకంటే ఇక్కడ స్పేస్ కొట్టినా ఎంటర్ కొట్టినట్టే. మన అలవాటు ప్రకారం 5,40,512.36 అని పెట్టిన సెల్‌ని నేరుగా కాపీ చేశారా, ఎక్స్ 5, వై 40 అని చదువుకుంటుంది! ఫార్ములాతో కలిపితే ఆ కామాలు రావు. సి కాలమ్ ఒక్కటే కాపీ చేయండి, మధ్యలో ఖాళీ వరస ఉంటే తీసేయండి, లేకపోతే గీత అక్కడే ఆగిపోయి మిగతావన్నీ మళ్లీ ‘అన్‌నోన్’ అవుతాయి.

పేస్ట్ అయ్యాక సి కొట్టి ఎంటర్ ఇస్తే గట్టు మూసుకుంటుంది. గీత కనబడకపోతే కంగారు పడకండి, అది ఎక్కడో దూరంగా ఉంటుంది, ‘జెడ్’ కొట్టి ఎంటర్, ‘ఈ’ కొట్టి ఎంటర్ ఇవ్వండి, గీసిందంతా తెర మీదకి వస్తుంది. చెరువు ఆకారం తిరగబడినట్టుంటే నార్తింగ్ ముందు పడిందన్నమాట, కొన్ని జీపీఎస్ లిస్టులు ఆ వరసలోనే వస్తాయి.

మీ సార్‌కి ఇచ్చే ముందు లిస్ట్ కమాండ్‌తో విస్తీర్ణం చూడండి. డ్రాయింగ్ మీటర్లలో ఉంటే అది చదరపు మీటర్లలో వస్తుంది, 40.47తో భాగిస్తే సెంట్లు. రైతు చెప్పిన సెంట్లకీ దీనికీ బాగా తేడా ఉంటే ముందు 46 పాయింట్లూ వచ్చాయో లేదో లెక్కపెట్టుకోండి.